గాజు తొట్టెకు ప్రాణం పోసిన శాస్త్రవేత్త – సెర్గీ వినోగ్రాడ్‌స్కీ

గృహాలంకరణలో చేపల తొట్టెకు గల స్థానం నానాటికీ పెరుగుతున్నది. ఒకప్పుడు బల్లమీది చిన్న గాజు పాత్రలో రెండు బంగారు చేపలను ఉంచి సంతోషించిన మానవుడు నేడు గోడ పొడవునా ఆరడుగుల తొట్టెను కట్టించుకుంటున్నాడు. ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల లోతు గల తొట్టెలో సుమారు 680 లీటర్ల నీరు పడుతుంది. అంతటి నీటికి బజారులో దొరికే చిన్న ఫిల్టరు చాలదని తలచి, తోటలలోని కొలనులకు వాడే పెద్ద ఫిల్టరును తెచ్చి తొట్టెకు అమర్చేవారు ఉన్నారు. పంపు నడిచిన రెండవ రోజుకే నీరు స్ఫటికంలా తేటపడుతుంది. గృహస్థు సంతోషించి ఒకేసారి ఇరవై చేపలను వదులుతాడు. వారం పది దినాలు గడిచేసరికి చేపలు నీటిపైకి వచ్చి నోళ్ళు తెరిచి ఆరాటపడతాయి. ఒక్కొక్కటే వెల్లకిలా తేలిపోతుంది. యంత్రం సక్రమంగానే తిరుగుతున్నది. నీరు తేటగానే ఉన్నది. మరి చేపలు ఎందుకు చనిపోయినట్లు?

ఫిల్టరు అనగానే మనకు స్ఫురించేది జల్లెడ. నీటిలోని మురికిని పట్టి ఆపడమే దాని పని అని భావిస్తాం. కాని చేప విసర్జించే మాలిన్యంలో అత్యంత ప్రమాదకరమైనది కంటికి కనిపించేది కాదు. చేప తన మొప్పల ద్వారా విడిచే అమోనియా నీటిలో పూర్తిగా కరిగిపోతుంది. ఎంత సన్నని స్పాంజీ అయినా దానిని పట్టి ఆపలేదు. దానిని హరించేది స్పాంజీ కాదు. స్పాంజీ మీద కొన్ని వారాలకు పాకుడులా పట్టే సజీవమైన పొర. ఆ పొరలో నివసించే జీవులు ఎటువంటివో, అవి దేనిని ఆధారం చేసుకుని బ్రతుకుతాయో లోకానికి నిరూపించి చూపిన మహనీయుడు సెర్గీ నికొలాయెవిచ్ వినోగ్రాడ్‌స్కీ. ఆయన పరిశోధించినది చేపల తొట్టెను కాదు, మట్టిని. అయినప్పటికీ నేడు ప్రపంచంలో ఏ ఇంట చేప సుఖంగా ఈదుతున్నా, ఆ సుఖానికి కారణం ఆయన పరిశోధనలలో దొరుకుతుంది.

వినోగ్రాడ్‌స్కీ 1856 సెప్టెంబరులో కీవ్ నగరంలో జన్మించాడు. నేడు ఉక్రెయిన్‌కు రాజధాని అయిన ఆ నగరం ఆనాడు రష్యా సామ్రాజ్యంలో అంతర్భాగం. తల్లిదండ్రులు సంపన్నులు. బాలుడికి భోగభాగ్యాల కొరత లేదు. కొరత ఉన్నదల్లా మనస్సుకు నచ్చిన మార్గం దొరకకపోవడమే. కీవ్ విశ్వవిద్యాలయంలో మొదట న్యాయశాస్త్రంలో చేరి, దానిని విడిచి ప్రకృతి శాస్త్రాల వైపు మరలాడు. అక్కడి బోధన ఆయనను ఆకర్షించలేకపోయింది. 1875లో చదువు మాని సెయింట్ పీటర్స్‌బర్గ్ వెళ్ళి అక్కడి సంగీత కళాశాలలో పియానో అభ్యసించనారంభించాడు. ఆనాడు ఐరోపా అంతటా ప్రసిద్ధి పొందిన లెషెటిస్కీ ఆయనకు గురువు. సంగీతం జీవితాంతం ఆయనకు తోడుగా నిలిచినా, కేవలం సంగీతం ఆయన బుద్ధికి తృప్తినివ్వలేదు. రెండేళ్ళ అనంతరం, 1877లో, పీటర్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో తిరిగి విద్యార్థిగా చేరాడు. ఈనాటి తల్లిదండ్రులు చూస్తే ఆ యువకుడిని నిలకడ లేనివాడని నిందించి ఉండేవారు. కాని తరువాతి చరిత్రను చూస్తే ఆయనంత నిలకడ గలవాడు శాస్త్రలోకంలో అరుదు అనిపిస్తుంది.

విశ్వవిద్యాలయంలో మెన్షుట్కిన్ వద్ద రసాయన శాస్త్రం, ఫామింట్సిన్ వద్ద వృక్షశాస్త్రం అభ్యసించి 1881లో పట్టం పుచ్చుకున్నాడు. పిదప ఫామింట్సిన్ ప్రయోగశాలలోనే ఒక రకం సూక్ష్మ శిలీంధ్రాన్ని పెంచుతూ, దానికిచ్చే ఆహారంలోని ఒక్కొక్క పదార్థాన్ని మార్చి, అది ఎలా పెరుగుతున్నదో పరిశీలించాడు. సూక్ష్మజీవిని తెలుసుకోవాలంటే దాని ఆకారాన్ని వర్ణిస్తే చాలదు, దాని ఆకలిని గ్రహించాలి అనే సూత్రం ఆయనకు ఇక్కడే అబ్బింది. ఆయన సాధించిన ఘనకార్యాలన్నింటికీ ఈ సూత్రమే మూలం.

1885లో వినోగ్రాడ్‌స్కీ స్ట్రాస్‌బర్గ్ నగరానికి వెళ్ళి ప్రసిద్ధ వృక్షశాస్త్రజ్ఞుడు ఆంటన్ డి బారీ వద్ద చేరాడు. గంధకపు ఊటలలో, కుళ్ళిన బురద మీద తెల్లని నూలుపోగుల వలె పెరిగే బెజియటోవా అనే సూక్ష్మజీవి అక్కడ ఆయన దృష్టినాకర్షించింది. ఆ పోగుల లోపల గంధకపు బిందువులు మెరుస్తూ ఉంటాయి. అవి ఎందుకున్నాయో ఎవరికీ తెలియదు. వినోగ్రాడ్‌స్కీ ఒక్క పోగును గాజు పలక మీద ఉంచి, సూక్ష్మదర్శిని క్రింద దినాల తరబడి దానిని కనిపెట్టి ఉన్నాడు. కుళ్ళిన కోడిగ్రుడ్డు వాసన గల హైడ్రోజన్ సల్ఫైడ్ కలిసిన నీటిని అందిస్తే పోగు లోపల గంధకం నిండుతున్నది. ఆ నీటిని ఆపితే గంధకం క్రమంగా కరిగి సల్ఫేటుగా మారి, పోగు కృశించి నశిస్తున్నది. అనగా ఆ విషవాయువే దానికి ఇంధనం! మనం అన్నాన్ని దహించి శక్తిని పొందినట్లే ఆ జీవి గంధకాన్ని దహించి శక్తిని పొందుతున్నది. అంతవరకు శాస్త్రజ్ఞులు ఎరిగిన జీవనమార్గాలు రెండే: పచ్చని మొక్క వలె సూర్యరశ్మి మీద బ్రతకడం, జంతువు వలె అన్య జీవుల దేహాన్ని తిని బ్రతకడం. ఈ రెండింటికీ భిన్నమైన మూడవ మార్గం ఉన్నదని 1887లో ఆయన ప్రకటించాడు. అప్పటికి ఆయన వయస్సు ముప్పది ఒక్క ఏళ్ళు.

1888 జనవరిలో డి బారీ మరణించాడు. గురువును కోల్పోయిన వినోగ్రాడ్‌స్కీ స్విట్జర్లాండులోని జ్యూరిక్ నగరానికి తరలివెళ్ళి అంతకంటె కష్టమైన సమస్యను చేపట్టాడు. ఆ సమస్య మన దేశానికి అపరిచితమైనది కాదు. ఉర్దూలో షోరా అనీ, తెలుగులో సురేకారం అనీ పిలువబడే లవణం పాత మట్టిగోడల మీద, పశువుల కొట్టాల నేల మీద తెల్లగా పొంగుతుంది. తుపాకి మందుకు అదే ముడిసరుకు. బీహారు పల్లెలలో దానిని మట్టినుండి తీసే వృత్తివారుండేవారు. ఈస్టిండియా కంపెనీ దానిని ఓడలకెత్తి ఐరోపాకు తరలించేది. పశువుల మూత్రంలోని నత్రజని మట్టిలో అమోనియాగా మారి, ఆ అమోనియా క్రమేణా నైట్రేటు అవుతుంది. ఆ నైట్రేటే సురేకారానికి ఆధారం. పైరుకు ఆహారం కూడా అదే. అయితే అమోనియాను నైట్రేటుగా మార్చేది ఎవరు? అది కేవలం రసాయనిక చర్యయా, లేక జీవుల పనియా?

1877లో ఫ్రాన్సుకు చెందిన ష్లోజింగ్, మ్యూంట్జ్ అను ఇద్దరు శాస్త్రజ్ఞులు ఒక పొడవైన గొట్టంలో కాల్చిన ఇసుకను, సున్నపురాతి పొడిని నింపి, దానిగుండా మురుగునీటిని మెల్లగా పంపారు. దాదాపు ఇరవై దినాల వరకు ఏ మార్పూ లేదు. అమోనియా ఎంత లోనికి పోయిందో అంతే వెలుపలికి వచ్చింది. తరువాత హఠాత్తుగా నైట్రేటు కనిపించసాగింది. క్లోరోఫారం ఆవిరిని పంపగానే ఆ పని ఆగిపోయింది. కాస్త మట్టి కడిగిన నీటిని పోయగా కొంతకాలానికి మళ్ళీ మొదలయింది. మత్తుమందుకు లొంగేది జీవం గలదే గదా! ఈ గొట్టమే నేటి ఫిల్టరుకు పితామహుడనవచ్చు. ఆ ఇరవై దినాల మౌనమే నేటికీ కొత్త తొట్టె యజమానిని మోసగిస్తున్న మౌనం.

జీవి ఉన్నదని తెలిసింది గాని ఆ జీవి ఎవరికీ చిక్కలేదు. ఇంగ్లండులోని రోథామ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు ఏళ్ళ తరబడి కృషి చేశాడు. అమోనియా మొదట నైట్రైటుగా, తరువాత నైట్రేటుగా రెండు అంచెలలో మారుతుందని ఆయన కనుగొన్నాడు. కాని ఆ జీవులను వేరుచేసి పెంచలేకపోయాడు. ఇక్కడ ఒక విశేషం చెప్పుకోదగినది. ఈయన తండ్రి పేరు కూడా రాబర్ట్ వారింగ్టనే. 1850 ప్రాంతంలో ఒక గాజు తొట్టెలో రెండు బంగారు చేపలను, వాలిస్నేరియా అనే నీటిమొక్కను, నత్తలను కలిపి ఉంచి, నీరు మార్చకుండానే అవి పరస్పరం పోషించుకోగలవని నిరూపించిన వ్యక్తి ఆ తండ్రి. తండ్రి తొట్టెను స్థాపించాడు. ఆ తొట్టెను కాపాడే అదృశ్య జీవులను కుమారుడు వెదికాడు. అవి మాత్రం వినోగ్రాడ్‌స్కీకి దొరికాయి.

అందరూ ఓడిన చోట ఆయన ఎలా గెలిచాడు? ఆ కాలంలో సూక్ష్మజీవులను వేరుచేయడానికి రాబర్ట్ కాఖ్ ప్రవేశపెట్టిన జెలటిన్ పలకలే శరణ్యం. పుష్టికరమైన జెలటిన్ మీద వేలాది సూక్ష్మజీవులు గుంపులు గుంపులుగా పెరిగేవి. వాటిని తీసి అమోనియాలో వేస్తే ఏ మార్పూ కలిగేది కాదు. వినోగ్రాడ్‌స్కీ తన పాత సూత్రాన్ని గుర్తు చేసుకున్నాడు. ఈ జీవి ఆకలి ఏమిటి? అమోనియాను దహించి బ్రతికే జీవికి పుష్టికరమైన విందు అక్కరలేదు. బహుశా అది హానికరం కూడా. ఆయన జ్యూరిక్ సరస్సు నీటిని తెచ్చి, అందులో కొద్దిగా అమోనియా లవణం, పొటాషియం ఫాస్ఫేటు, మెగ్నీషియం కార్బొనేటు మాత్రం కలిపాడు. జీవసంబంధమైన ఆహారం పిసరంత కూడా వేయలేదు. ఆ బీద నీటిలో ఇతర సూక్ష్మజీవులు ఆకలితో నశించగా, ఆయన కోరిన జీవి మాత్రం వృద్ధి చెందింది. అది నీటిలో తేలియాడలేదు. సీసా అడుగున ఉన్న కార్బొనేటు రేణువులను పొదివి పట్టుకుని జీవించింది. ఆ రేణువులను జెలటిన్ మీద చల్లి, ఏమీ మొలవని చోట్లను ఏరి తీసుకున్నాడు. అందరూ పెరిగిన దానిని ఏరుకుంటే ఆయన పెరగని చోటును ఏరుకున్నాడు. ఆ శూన్యంలోనే ఆయన వెదికిన జీవి ఉన్నది.

1890లో పాశ్చర్ సంస్థ పత్రికలో ఈ పరిశోధన వరుస వ్యాసాలుగా వెలువడింది. చీకటిలో, సూర్యరశ్మి సాయం లేకుండా, కార్బొనేటులోని బొగ్గును గ్రహించి తమ దేహాన్ని తామే నిర్మించుకునే జీవులు ఇవి అని ఆయన కొలతలతో నిరూపించాడు. అమోనియాను నైట్రైటుగా మార్చే జాతి ఒకటి, నైట్రైటును నైట్రేటుగా మార్చే జాతి వేరొకటి అని స్పష్టపరచి, నైట్రోసోమొనాస్, నైట్రోబాక్టర్ అని వాటికి నామకరణం చేశాడు.

ఆయన కీర్తి ఐరోపా అంతటా వ్యాపించింది. సాక్షాత్తు లూయీ పాశ్చర్ పారిస్‌లోని తన సంస్థకు ఆహ్వానించాడు. శాస్త్రజ్ఞునికి అంతకు మించిన గౌరవం ఆ రోజులలో లేదు. అయినప్పటికీ 1891లో ఆయన స్వదేశాన్నే వరించి, సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో నూతనంగా స్థాపించబడిన ప్రయోగ వైద్య సంస్థలో సూక్ష్మజీవి శాస్త్ర శాఖకు అధిపతి అయ్యాడు. గాలిలోని నత్రజనిని స్వయంగా గ్రహించి, ప్రాణవాయువు లేనిచోట స్వేచ్ఛగా మట్టిలో జీవించే సూక్ష్మజీవిని అక్కడ కనుగొని, పాశ్చర్ పట్ల గౌరవంతో దానికి ఆయన పేరు పెట్టాడు. ఆహ్వానాన్ని కాదన్నాడు గాని ఆహ్వానించిన వానిని మరువలేదు. తరువాత ఆ సంస్థకే డైరెక్టరుగా పనిచేసి, ఆరోగ్యం క్షీణించగా 1905లో పరిశోధనకు స్వస్తి చెప్పి, ఉక్రెయిన్‌లోని తన ఎస్టేటుకు చేరుకున్నాడు. పొలాలు, అడవులు చూసుకుంటూ శేషజీవితం గడపాలన్నది ఆయన సంకల్పం. దాదాపు పదిహేను సంవత్సరాలు శాస్త్రలోకం ఆయన పేరును గతకాలపు పేరుగా తలచింది.

1917 విప్లవం ఆ సంకల్పాన్ని తలక్రిందులు చేసింది. అంతర్యుద్ధం చెలరేగి ఎస్టేటు చేజారింది. ఆరుపదులు దాటిన వయస్సులో ఆయన సర్వస్వం విడిచి స్వదేశం వదలవలసి వచ్చింది. కొంతకాలం బెల్‌గ్రేడ్‌లో అధ్యాపకుడుగా పనిచేశాడు. ముప్పది ఏళ్ళ క్రితం కాదన్న ఆహ్వానం 1922లో రెండవసారి ఆయన తలుపు తట్టింది. పాశ్చర్ అప్పటికి ఎన్నడో మరణించాడు. ఆయన శిష్యుడు, ఆ సంస్థ అధిపతి అయిన ఎమిల్ రూ వినోగ్రాడ్‌స్కీని పిలిచి, పారిస్‌కు సుమారు 30 కిలోమీటర్ల దూరంలో గల బ్రీ-కోంత్-రోబేర్ అనే చిన్న పట్టణంలో నేల సూక్ష్మజీవుల పరిశోధనను ఆయనకు అప్పగించాడు. ఇతరులు విశ్రాంతి కోరే 66వ ఏట ఆయన మళ్ళీ సూక్ష్మదర్శిని ముందు కూర్చున్నాడు. ఆ కూర్చోవడం మరి ఎన్నో ఏళ్ళు సాగింది.

ఈ రెండవ జన్మలో ఆయన బోధించిన విషయం మనకు ముఖ్యమైనది. ప్రయోగశాలలో మితిమీరిన ఆహారంతో ఒంటరిగా పెంచిన సూక్ష్మజీవి, ప్రకృతిలో ఇతరులతో పోటీపడుతూ కొద్దిపాటి ఆహారంతో బ్రతికే సూక్ష్మజీవి ఒకటి కావు. మట్టిని మట్టిగానే, దాని సమాజంతో సహా పరిశీలించాలి అని ఆయన వాదించాడు. ఆయన కుమార్తె హెలెన్ కూడా ఈ పరిశోధనలో పాలుపంచుకుని, 1930 దశకంలో పారిస్ మురుగునీటిని శుద్ధిచేసే బురదలో నత్రీకరణం జరిపే జీవులను పరిశీలించింది. తండ్రి పొలం మట్టిలో కనుగొన్న జీవులను కుమార్తె నగరపు నీటిలో వెదకడం సముచితంగానే ఉన్నది. 1935లో నెదర్లాండ్స్ శాస్త్ర పరిషత్తు ఆయనకు లీవెన్‌హుక్ పతకాన్ని ప్రదానం చేసింది. రెండవ ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్సు జర్మనీ వశమైనప్పుడు కూడా ఆయన ఆ పట్టణంలోనే నివసించాడు. 1949లో, తన 93వ ఏట, ఏబది ఏళ్ళ పరిశోధనను క్రోడీకరించి నేల సూక్ష్మజీవి శాస్త్రంపై బృహద్గ్రంథాన్ని ప్రకటించాడు. 1953 ఫిబ్రవరి 25న, తొంబది ఆరేళ్ళ వయస్సులో, పరాయిగడ్డ మీద కన్నుమూశాడు.

ఇప్పుడు మొదట చెప్పుకున్న గాజు తొట్టె వద్దకు మరలి వద్దాం. కొలను ఫిల్టరును ఇంటి తొట్టెకు వాడడం తప్పేమీ కాదు. కొన్ని విధాల మేలు కూడా. దాని పెట్టె పెద్దది. అందులో స్పాంజీలు, పింగాణీ వలయాలు, ప్లాస్టిక్ బంతులు అధికంగా పడతాయి. వినోగ్రాడ్‌స్కీ సీసాలోని జీవులు రేణువులను పట్టుకుని బ్రతికినట్లే ఇవి కూడా ఉపరితలాన్ని ఆశ్రయించి జీవిస్తాయి. ఎంత ఉపరితలం ఉంటే అంత జీవసంపదకు చోటు. కాని ఆ చోటు నిండడానికి కాలం పడుతుంది. సాధారణ సూక్ష్మజీవులలో కొన్ని ఇరవై నిమిషాలకే రెట్టింపు కాగా, వీటికి ఎన్నో గంటలు, ఒక్కొక్కప్పుడు ఒక దినానికి మించి పడుతుంది. అందుచేత కొత్త తొట్టె సిద్ధపడడానికి నాలుగు నుండి ఆరు వారాలు పట్టడం సహజం. పెట్టె పెద్దదైనంత మాత్రాన ఆ గడువు తగ్గదు. ఖాళీ సత్రం ఎంత విశాలమైనా అతిథికి అన్నం వండిపెట్టదు గదా!

కొలను ఫిల్టరుతో పాటు వచ్చే అతినీలలోహిత దీపం విషయంలో భ్రమ మరింత ఎక్కువ. ఆ దీపం నీటిని పచ్చబరిచే సూక్ష్మమైన నాచును చంపి నీటిని తేటపరుస్తుంది. అమోనియాను అది తాకనైనా తాకదు. తేట వేరు, శుద్ధి వేరు. బురదనీటిలో బ్రతికే చేప స్ఫటికజలంలో చనిపోవడంలోని రహస్యమిదే. అమోనియా మొప్పలను దహిస్తుంది. నైట్రైటు రక్తంలో చేరి అది ప్రాణవాయువును మోయకుండా చేస్తుంది. నీరు వేడెక్కినకొద్దీ, క్షారగుణం పెరిగినకొద్దీ అమోనియా మరింత విషపూరితమవుతుంది. మన వేసవిలో ఈ సంగతి మరువరాదు.

ఫిల్టరు పెట్టె మీద ముద్రించిన అంకెలను కూడా విచక్షణతో చదవాలి. అవి సాధారణంగా మొక్కలతో నిండి, చేపలు తక్కువగా గల కొలనును దృష్టిలో ఉంచుకున్నవి. కొలనులోని నీరంతా గంటకో రెండు గంటలకో ఒక మారు తిరిగితే చాలు. చేపలు క్రిక్కిరిసిన గాజు తొట్టెలో గంటకు నాలుగైదు మార్లు తిరగాలి. కొలను ఫిల్టర్లలో మూత బిగించని పెట్టె ఒక రకం. పంపు నీటిని దానిలోనికి ఎక్కించగా, అది పల్లానికి దానంతటదే జారి కొలనులో పడుతుంది. దానిని తొట్టె నీటిమట్టానికి పైన అమర్చాలే గాని క్రింది బీరువాలో పెడితే నీరంతా ఇంటి నేలపాలవుతుంది. మూత బిగించి ఒత్తిడితో నడిచే రకాన్ని క్రింద ఉంచవచ్చు. అయినా పంపు తొట్టె లోపల ఉండి నీటిని వెలుపలికి నెడుతుంది గనుక, ఎక్కడ పైపు ఊడినా తొట్టె ఖాళీ అవుతుంది. పంపును అడుగున గాక కొంత ఎత్తున ఉంచితే, అటువంటి ప్రమాదంలో చేపలకు కాస్త నీరైనా మిగులుతుంది.

ఈ జీవులకు గాలి కూడా ప్రాణమే. ఒక గ్రాము అమోనియా నత్రజనిని నైట్రేటుగా మార్చడానికి సుమారు నాలుగున్నర గ్రాముల ప్రాణవాయువు ఖర్చవుతుంది. 20 డిగ్రీల వద్ద లీటరు నీటిలో సుమారు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరిగితే, 30 డిగ్రీల వద్ద ఏడున్నర మాత్రమే కరుగుతుంది. కరెంటు పోయి మూత బిగించిన ఫిల్టరు కొన్ని గంటలు నిలిచిపోతే లోపలి జీవులు ఊపిరాడక నశించసాగుతాయి. కరెంటు రాగానే ఆ కుళ్ళిన నీటిని తొట్టెలోకి వదలక, ముందుగా బయట పారబోయాలి. ఫిల్టరును కడిగేటప్పుడు క్లోరిన్ కలిసిన కుళాయి నీటిని వాడితే నెలల తరబడి పెరిగిన సమాజం ఒక్క గడియలో నాశనమవుతుంది. తొట్టెలోని నీటినే కొంత బకెట్టులోకి తీసి, అందులో స్పాంజీని మెల్లగా పిండడం ఉత్తమం. చివరకు మిగిలే నైట్రేటును వారం వారం కొంత నీటిని మార్చి తొలగించాలి.

వినోగ్రాడ్‌స్కీ చెప్పిన ప్రతి మాటా మార్పు లేకుండా నిలిచిందని భావించరాదు. 1998లో మంచినీటి అక్వేరియంలను పరీక్షించగా, నైట్రైటును మార్చే జీవిగా నైట్రోబాక్టర్‌కు బదులు నైట్రోస్పైరా కనిపించింది. 2005లో అమెరికాలోని సియాటిల్ అక్వేరియం నుండి, బాక్టీరియాకు చెందని ఆర్కియా అనే మరొక వర్గపు జీవి అమోనియాను దహిస్తూ బ్రతకడం బయటపడింది. 2015లో మరింత ఆశ్చర్యకరమైన సంగతి తెలిసింది. అమోనియాను నైట్రేటు వరకు రెండు అంచెలనూ ఒక్కటే పూర్తిచేసే జీవి ఉన్నదని రెండు పరిశోధక బృందాలు ప్రకటించాయి. వాటిలో నెదర్లాండ్స్ బృందానికి అది దొరికిన చోటు చేపలను పెంచే తొట్టెలకు అమర్చిన ఫిల్టరే! రెండు జాతులు కలిసి చేసే పని అన్న సిద్ధాంతానికి 125 సంవత్సరాల తరువాత ఈ సవరణ వచ్చింది. అది కూడా జీవులను వాటి సమాజంలోనే పరిశీలించడం వల్ల వచ్చింది. ఆయన చెప్పిన ఫలితం సవరించబడినా, ఆయన చూపిన మార్గం నిలిచింది.

విద్యార్థి మిత్రులారా! ప్రయోగశాలలో మీరు చూసే వినోగ్రాడ్‌స్కీ స్తంభం ఆయన స్మారకమే. పొడవైన గాజు గొట్టంలో చెరువు బురద, చెరువు నీరు, కాస్త సున్నపురాతి పొడి, గంధక లవణం, కాగితపు ముక్కలు వేసి కిటికీ వద్ద ఉంచితే, కొన్ని వారాలకు ఆకుపచ్చ, ఊదా, నలుపు రంగుల పొరలు దానంతటవే ఏర్పడతాయి. తొందరపడి కదిలించిన వానికి బురద మాత్రమే మిగులుతుంది. ఆలస్యం అమృతాన్ని విషం చేస్తుందని మన పెద్దలు హెచ్చరించారు. అది సత్యమే. కాని కొన్ని పనులలో ఓర్పే విషాన్ని హరిస్తుంది. ఉర్దూవారు సబ్ర్ అన్నా, మనం ఓర్పు అన్నా ఒక్కటే. దేశం, ఆస్తి, అధికారం అన్నీ పోయినా ఆ ఒక్క సంపదను పోగొట్టుకోలేదు గనుకనే వినోగ్రాడ్‌స్కీ 66వ ఏట రెండవసారి జన్మించగలిగాడు. ఇంట చేపల తొట్టె పెట్టుకునేవారు పెద్ద యంత్రాన్ని కొనడానికి తగిన సొమ్ముతో పాటు ఆరు వారాల ఓర్పును కూడా సిద్ధం చేసుకోవాలి. యంత్రం నీటిని తిప్పగలదు. దానికి ప్రాణం పోసేది మాత్రం ఆ నిరీక్షణే.